వాసన

ముకం ఎర్రబడినప్పుడల్లా
తాగొచ్చినాడనే అనుకున్నాను.
నెల్లిమర్ల జూట్ మిల్లులో రెండో షిఫ్టు దిగి
సైకిలు గోడకి ఆనించీలోపే
తమ్ముడి నోరు వాసన సూసీదాన్ని.
జనపనారకి రాసిన నూనె కంపు తప్ప ఏటీ ఉండీది కాదు.
అయినా నమ్మలేదు. ఆరేళ్లు.

విజీనగరం పెద్దాసుపత్రిలో
గొట్టం దింపి తీసిన ముక్క
పదకొండు రోజులకి కాయితమై ఒచ్చింది.
డాక్టరమ్మ రెండుసార్లు సదివింది.
ఒకే కడుపులో రెండు జాతులంట.
ఒకటి, మన పేటలో ఇద్దర్ని తినీసిన కేన్సరే.
దాని పక్కన సెనగ్గింజంత ఇంకోటి,
తనకి తానే ఏదో రసం ఊరబెట్టి
నెత్తుట్లోకి ఒదుల్తాదంట.
అది ఎక్కినప్పుడల్లా ముకం కందిపోతాదంట.

"లచ్చల్లో ఒకరికమ్మా" అంది.
"మిల్లులో నా టోకెన్ నంబరే ఎవులికీ గుర్తుండదప్పా"
అని నవ్వినాడు అసిరప్పడు.

అందరూ పెద్దదాని గురించే మాటాడతన్నారు,
కోత, కార్డు, విశాపట్నం బస్సు.
నాకు ఆ సెనగ్గింజే మెదుల్తంది.
అన్నేళ్లూ అది సెప్తానే ఉంది,
నానే ముక్కుతో ఇన్నాను.

రేతిరి మళ్లీ ఎర్రబడ్డాడు.
తడిగుడ్డ ఎయ్యడానికి ఒంగినాను.
ఆడు, అలవాటుగా,
నోరు తెరిసి సూపించినాడు.