బాణం లేని చోట

నిన్న సాయంత్రం పట్టిన నాలుగో క్యాను
తెల్లారేసరికి విరిగిపోయింది.
ఐరాల పాలకేంద్రం, అయిదున్నర.
ఏడిళ్ళ పాలు అందులో.

"మొగిలమ్మే ఏందో కలిపుంటాది" అన్నారు క్యూలో.
ఆమె చెంబు పక్కన పెట్టి
కొంగుతో చేతులు తుడుచుకుంటా ఉంది,
తుడిచిన చేతులే మళ్ళీ.

లెక్కల పుస్తకం వెనక అట్ట తిప్పినాను.
తిరుపతిలో మూడు రోజుల శిక్షణలో
కునుకుకీ ఇడ్లీకీ మధ్య నాకు ఎక్కింది ఇదొక్కటే:
తెలియనిదానికి సున్న చుట్టు,
దేనివల్ల ఏది అవుతుందో అటు బాణం గీయి.

విరిగిన పాలు, ఒక సున్న.
అందులోకి కలిపిన చేయి, ఒక బాణం.
సరిగా కడగని క్యాను.
రాత్రి ఆగిన కూలరు.
మొగిలమ్మ పక్కన నూటికి అరవై అని వేశాను,
పెన్సిలుతోనే.
అరవై ఎక్కడిదంటే,
పోయిన నెల లాక్టోమీటరు రెండుసార్లు తక్కువ చూపింది.
మిగతాది, ఒట్టేసి చెప్పాలంటే, క్యూలో మాటలది.

అప్పుడొచ్చినాడు వ్యాను తోలుకొని చెంగల్రాయుడు.
"రాత్రి వానకి కరెంటు పోయినాది కదక్కా,
రెండున్నర దాకా రాలా."

ఎక్కడో తెగిన తీగ
కూలరులోకి నడిచింది,
విరిగిన పాలలోకి దిగింది,
అక్కడి నుంచి బాణానికి ఎదురెక్కి
మొగిలమ్మ దాకా పోయింది.
ఆమెకూ కరెంటుకూ ఏ చుట్టరికమూ లేదు.
అయినా, కావడిలో ఒక కుండ దిగితే
రెండోది దానంతటదే లేస్తుంది.

అరవై చెరిపి పదిహేను వేశాను.
సున్నా వేయలేదు. వేయగలిగితే
ఈ అట్టతో పనే లేదు.

పదిహేనుతో ఏం చేసేది?
పేరు కొట్టేసి, ఆమె చేయకపోయుంటే,
ఒక ఇంటి పొయ్యి.
ఉంచి, చేసుంటే, ఇంకొక క్యాను.
క్యాను ఖరీదు నాకు తెలుసు.
పొయ్యికి పుస్తకంలో గడి లేదు.

"మే, వారం రోజులు నీ పాలు
వేరే చిన్న క్యానులో పట్టుకుంటా" అన్నాను.
ఆమె సరే అనలా, కాదనలా.
చెంబు ఎత్తుకుంది.

"దాని మొగుడు జైలుకి పోయొచ్చినోడు,
అదీ రాసుకో" ఎవరో వెనక నుంచి.
రాసుకున్నాను. సున్న చుట్టాను.
పాలలోకి గీద్దామని చాలాసేపు చూశాను,
పెన్సిలు కదల్లేదు.
చివరికి బాణం ఒకటి గీశాను.
అది క్యూలో మాటల్లోకి పోయింది.