సగం బెల్లం

బల్లార్షా కోట గేటు కాడ
ఇరవై రూపాయల టికెట్టు చింపి ఇచ్చిండు వాచ్‌మన్.
పోయిన ఎండకాలం
ఇదే గేటుల నా టిఫిన్ డబ్బ మూత తీసి చూసేటోడు.
ఇయ్యాల చీర కొత్తది, చెప్పులు కొత్తయి.
గుర్తువట్టలే.

లోపల గైడు మరాఠీల చెప్తున్నడు
బుర్జు మీద చెయ్యి ఆనించి,
ఐదొందల ఏండ్ల గోడ, గోండు రాజులది,
సున్నం, బెల్లం, మారేడు గుజ్జు,
అప్పటి పనితనం ఇప్పుడేడిదని.
పుణె నుంచి వచ్చినాయన
గోడను ముట్టి కండ్లు మూసుకున్నడు.

ఆయన మోకాలి కాడి రాయి రాజులదే, నిజమే.
అరచెయ్యి కింది మూడు వరుసలు
మా ఓదెలువి.
నడుమ సున్నం నాది.
ఏడు దినాలు నానవెట్టి, కాళ్లతోని తొక్కి,
బెల్లం ముద్దల సగం కొంగుల కట్టుకొని
సగమే గోలెంల వేసిన.
ఆ నెలంత మా ఇంట్ల చాయ్ తియ్యగుండె.

గైడుకు చెప్తడేమోనని చూస్తే
ఓదెలు ఫోటో దిగుతున్నడు
తను పేర్చిన రాళ్లకే వీపు ఆనించి,
నడుం మీద చెయ్యేసుకొని
రాజు లెక్క.

శైలు గొంతుకూసుండి పిలిచింది,
"అమ్మా, చీమలు!"
రాయికీ రాయికీ నడుమ సన్నటి బారు,
పైన కొంగ వాలిన అంచు దాక.
గైడు బూటుతోని రాసి ముందుకు నడిచిండు.
అవి మళ్ల కలుసుకున్నయి.

నాకు ఒక్కటే గుబులు.
సగమే వేస్తిని గదా,
ఈ వానలకు ఆగుతదో లేదో.

మెట్లు దిగంగ
వార్ధా అవుతలి ఒడ్డున
మబ్బు పట్టింది.