ఈల

చీమకుర్తిలో చిన్నప్పుడు
క్వారీ ఈల వినపడితే
పలక పారేసి బండ చాటుకి ఉరికేవాళ్ళం.

ఇప్పుడు అదే గుంతలో, నీళ్ళు తోడేసిన చోట,
చెవి పక్కన టైమర్ కీచుమంటే
ఒరలోంచి పిస్టలు లేస్తుంది.
అట్ట బొమ్మకు రెండు. పరుగు. ఇంకో రెండు.
తెల్ల బొమ్మకు తగిలితే పాయింట్లు కోత.

"కదిలేటప్పుడు వేలు బయట, మస్తానమ్మా!
గొట్టం వెనక్కి తిరిగిందా, ఇంటికే!"
పెంచలయ్య సారు గొంతు గ్రానైటుకు కొట్టుకుని
రెండోసారి కూడా తిడుతుంది.

రాత్రిళ్ళు గుళ్ళు లేకుండా సాధన.
గొట్టం కొసన రూపాయి బిళ్ళ,
టిక్కుమన్నా పడకూడదు.
నాన్న మంచంలోంచి చూస్తుంటాడు,
రాతి బెజ్జాల్లో మందు కూరిన మనిషి.
"పేలిందాంతో భయంలే.
పేలందాన్నే నమ్మబాకమ్మే."

అందుకే ఆట అయ్యాక
ఛాంబర్ తెరిచి, వెలుగుకెత్తి,
సారు ఒకసారి చూడమన్న ఖాళీని
నేను రెండుసార్లు చూస్తాను.