సగం గడ్డం

కొరిటెపాడు సెంటర్లో మా షాపు.
రెండు కుర్చీలు, ఒక ఇన్వర్టరు,
గోడ మీద రేట్ల పట్టిక: కటింగు, గడ్డం, తల మసాజు,
అడుగున పెద్దక్షరాల్లో
పెళ్ళికొడుకు స్పెషల్ తెలుపు ఫేషియల్.

జూన్ నెల, మిట్టమధ్యాహ్నం,
నేను ఈగలు తోలుకుంటుంటే
గడప మీద నిలబడ్డాడా అబ్బాయి. లోపలికి రాలేదు.
వేళ్ళతో కత్తెరాడించి, కనుబొమలతో అడిగాడు.
"ఈ జుట్టుకి రాదు" అన్నాను.
రెండు కుర్చీలూ ఖాళీ అని
అద్దంలో అతనికీ కనపడుతూనే ఉంది.
తలూపి వెళ్ళాడు.
బాగా అలవాటైన తలూపు.

రాదు.
ఆ మాట కోసం నేను వెతుక్కోలేదు.
నూనె రాసి, గుడ్డలో చుట్టి
నాన్న పొదిలో దాచి ఇచ్చినట్టే ఉంది.

చేబ్రోలు దగ్గర మా ఊళ్ళో
నాన్న వాకిళ్ళలో గొంతుక్కూర్చుని గీసేవాడు.
పెళ్ళిళ్ళలో ఆఖరి బంతి మాది.
మంగలోడా అని ఎవరు కేకేసినా ముందు తిరిగేది నా మెడే.
అదంతా నాకు గుర్తు, ఎవరడిగినా చెబుతాను.
ఎవరూ అడగనిది ఒకటుంది.
ఆ రాత్రి ఫోన్ చేసి నేనే అడిగాను:
"నాన్నా, మాలపల్లె వాళ్ళు ఎవరి దగ్గర చేయించుకునేవాళ్ళు?"
చాలాసేపు అవతల ఫ్యాను చప్పుడు.
"ఎప్పుడూ మనల్ని అడగలేదురా.
ఒక్కసారి ఒకడడిగాడు. కత్తికి పదును లేదన్నాను."
నాన్న కత్తికి పదును లేకపోవడం
నా జన్మలో చూళ్ళేదు.

నాలుగు రోజులు వెతికితే
టీ బంకు దగ్గర దొరికాడు. "రా" అన్నాను.
మలావి దేశమట. పేరు చికొండి.
మన మిరప తెగుళ్ళ మీద చదువు.
మొదటిసారి చెవి వెనక గాటు పెట్టాను,
ఎడమ పక్క గుంట తవ్వాను.
ఆ పనికి డబ్బులు కూడా తీసుకున్నాను.
మూడోసారికి
మెషిను ఎటు తిప్పాలో అతని తలే చెప్పింది.

పోయిన ఆదివారం
యార్డులో దడవాయి పూర్ణయ్య గారు, పదేళ్ళ గిరాకీ,
కుడి చెంప అయింది, ఎడమ చెంప నిండా నురగ.
గాజు తలుపు అవతల చికొండి చెయ్యూపుతూ పోయాడు.
"ఆ నల్లోడికీ ఇదే దువ్వెనా?"
గొంతులో కోపమేం లేదు,
రేపు వానొస్తుందా అన్నట్టే అడిగారు.
ఇన్నాళ్ళూ ఇలాంటి వాటికి నేనూ నవ్వేవాణ్ణి.
నవ్వు కూడా సర్వీసేగా, ఫ్రీ మసాజు లాగా.

కత్తి మడిచి పెట్టాను.
"అతనికి పేరుందండీ. చికొండి.
తలుపు కొండి అంటామే, ముందొక చి."
"ముందు పని చూడు."
"పేరుతో అడగండి, ఏ దువ్వెనో చెప్తాను."
రెండో కుర్చీలో కుర్రాడు పేపరు పైకెత్తి మొహం దాచుకున్నాడు.
నురగ చిటచిటమని ఆరిపోతోంది.
నా కాళ్ళు వణికిన మాట నిజం.
ఈ నెల అద్దె గుర్తొచ్చిన మాటా నిజం.
ఆయన లేచి, నా తుండుతోనే తుడుచుకుని,
సగం గడ్డంతో స్కూటరెక్కారు.
ఆయన వెనకే యార్డు నుంచి వచ్చే ఆరుగురూ మానేశారు.

నేనేదో మారిపోయానని చెప్పుకోను.
తెలుపు ఫేషియల్ ఇంకా గోడ మీదే ఉంది,
మొన్న ఒకటి చేశాను కూడా.
ఇంట్లో మా చిన్నదాన్ని ముద్దుగా "కర్రిదానా" అనబోయి
నాలుక కరుచుకుంటున్నాను,
కరుచుకోని రోజులూ ఉన్నాయి.

నిన్న చీకటి పడేవేళ
చికొండి ఎవరినో తీసుకొచ్చాడు,
పదహారేళ్ళుంటాయేమో, తలనిండా చీమబారు లాంటి సన్న జడలు.
సగం ఊడిపోయినవి చూపించి
గడప మీదే నిలబడి అడిగిందా పిల్ల, వచ్చా అని.

"రాదు" అన్నాను,
కుర్చీ దులుపుతూ.
"కూర్చో తల్లీ. ఎలాగో చెప్పు."