గాయాల పద్దు

మొదటి రోజే వాడు ఇల్లు చేరాడు.
జుట్టు నెరిసి, ఎడమ కాలు ఈడుస్తూ,
చంకలో నీళ్ళ కూజాతో.
ఊరి సెట్టు తొమ్మిదో తారీఖుకల్లా విప్పేయాలట.
అందుకని భరతవాక్యం ముందు,
నాంది ఎప్పుడో తర్వాత.

నా పేరు ఇత్తో. కంటిన్యుటీ చూస్తాను.
వర్జాజాత్ దాటాక, ఈ ఎర్రమట్టి కొండల్లో
ఏ సినిమా కంపెనీ దిగినా
వీరుడి గాయాల పద్దు నా దగ్గరే.
కనుబొమ్మ మీది గాటు, కనుమ దాటాక.
అరచేతిలో కాలిన మచ్చ, గుహ తర్వాత.
గుహలోకి ఇంకా వెళ్ళనే లేదు,
మచ్చ మాత్రం మానిపోయింది.
అంటే, ఎంత మంట మండబోతోందో
నాకు ముందే తెలియాలి.

మూడో రోజు గురువు చచ్చిపోయాడు.
వేషం కట్టింది బా హమ్మూ,
తింఘీర్ సంతలో గాడిదలకు లాడాలు కొట్టే మనిషి.
చచ్చి, లేచి, దుమ్ము దులుపుకుని,
రెండు గిన్నెల హరీరా తాగి వెళ్ళి
పదకొండో రోజు మళ్ళీ వచ్చాడు,
శిష్యుడికి దివిటీ ఇచ్చి దారి చెప్పడానికి.
"చచ్చాక చెబితే మాటకి బరువెక్కువ" అన్నాడు నాతో.

దర్శకుడి డేరాలో చెక్క మీద పెద్ద సున్నా గీసి ఉంది.
పైన పిలుపు, పక్కన గుమ్మం, అడుగున చీకటి,
చుట్టూ తిరిగి మళ్ళీ ఇల్లు.
పన్నెండు మేకులు, పన్నెండు చీటీలు.
గాలి లేచినప్పుడల్లా రెండో మూడో రాలేవి.
టీ ఇచ్చే కుర్రాడు ఏరి, చదవడం రాక,
దొరికిన మేకుకి గుచ్చేవాడు.
ఎవరూ గమనించలేదు.
కథకీ ఏమీ కాలేదు.

పదిహేడో రోజు వాన.
ఏడేళ్ళుగా మా లోయ ఎరగని వాన,
ఇనప గొట్టాల్లోంచి, మూడు ట్యాంకర్లతో.
వాడు మోకాళ్ళ మీద కూలి
నోరు తెరిచి ఆకాశాన్ని తాగాలి.
పదకొండు టేకులు.
ఆరోదాని నుంచి తాగలేక ఉమ్మేశాడు.
పద్దులో రాశాను: చొక్కా తడి, గడ్డం తడి, కళ్ళు పొడి.
అవతల రాళ్ళ మీద మా ఊరి ఆడవాళ్ళు
ఖాళీ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని చూశారు.
ఒక్కరూ నోరు మెదపలేదు.

మూడో ట్యాంకర్‌లో సగం మిగిలింది,
రేపటికి, ఇంకో టేకుకి.
మొదట వద్దనుకున్నాను.
ఉద్యోగం, పిల్ల బడి ఫీజు.
చీకటి పడ్డాక పద్దు తెరిచి
నా చేత్తోనే రాశాను: వాన సీను పూర్తి, నీళ్ళు అక్కర్లేదు.
డ్రైవర్ మోహా నా మొహం వంక చూసి
దీపాలార్పి బండి తీశాడు.
మలుపు దగ్గర కాపలావాడు టార్చి వేశాడు.
"ఎక్కడికి?"
"సినిమా" అన్నాను.
గొలుసు దించాడు.

ఊరి తొట్టిలో నీళ్ళు పడే చప్పుడుకి
ముందు గాడిదలు లేచాయి, తర్వాత దీపాలు.
గొట్టం బిగిస్తుంటే నా బొటనవేలు తెగింది.
పొద్దున నిర్మాత మనిషి
పద్దు చూసి సంతకం పెట్టాడు.

ఆఖరి రోజు వాడికి పిలుపు వచ్చింది.
ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.
అత్తిచెట్టు కింద చెప్పు కుట్టుకుంటూ
"నేను రాను" అన్నాడు దూతతో.
అదే మాట మీద ఉండు నాయనా, అనబోయాను.
వాడి ఎడమ కాలి సంగతి తెలిసినదాన్ని కదా.

కథ కంచికి, ఎవరి జీపులో వాళ్ళు.
నా వేలికి కట్టిన గుడ్డ చూసి
మేకప్ పిల్ల అడిగింది,
"ఇది ఏ సీనుది?"
పద్దంతా తిరగేశాను.
ఎక్కడా లేదు.