ఆరు బై తొమ్మిది

టోలీడో కమ్యూనిటీ కాలేజీ, మంగళవారం రాత్రి క్లాసు.
రిటైరైన జైలరు ఓర్విల్ ప్రూయిట్
మోకాళ్లు పట్టుకుని వంగి
నేల మీద నీలం టేపు అంటించాడు.
ఆరడుగులు, తొమ్మిదడుగులు.
ఇది మంచం. ఇది తొట్టి. ఇది తలుపు.

ఒక్కొక్కళ్లం లోపల నించున్నాం.
మెకేలా సెల్ఫీ తీసుకుంది.
టైర్ల ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చినదాన్ని,
నాకు ఆవలింతలు.

లామాంట్, యాభై దాటినవాడు,
వెనక కుర్చీలోంచి లేవలేదు.
"తలుపు అటు కాదు సార్. తలవైపు.
గంటకోసారి టార్చి మొహాన పడాలిగా."

హీటరు గురగుర.
ప్రూయిట్ మళ్లీ వంగాడు,
టేపు అంచు గోటితో గీకి గీకి లేపి
తలవైపు అంటించాడు.

పరీక్షలో, నేరస్థుణ్ణి దిద్దడమంటే ఏమిటని అడిగారు.
పుస్తకంలోది రాశాను. మార్కులొచ్చాయి.
ఆ గోటి చప్పుడు
రాయలేదు.