అడగకపోవడం

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక
చెప్పుల వరసకి ఇవతల బల్ల వేసుకుని కూర్చుంటాను.
రసీదు పుస్తకం, రెండు కార్బన్ కాగితాలు,
అవి గాలికి ఎగరకుండా ఒక పాత తాళంకప్ప.
ముప్పైయొక్క ఏళ్లు జనపనార మిల్లులో టైమ్‌కీపర్ని.
మిల్లు మూతపడింది, లెక్క రాసే చెయ్యి మూతపడలేదు.
అందుకే విజయనగరంలో ఈ వక్ఫు పద్దు నాకు అంటగట్టారు.

పద్దు అంటే ఏముంది?
కంటోన్మెంట్ వైపు నాలుగు కొట్లు,
నెలకి నలభై రూపాయల అద్దె, తాతల నాటి మాట మీద.
నెల్లిమర్ల దారిలో ఎకరంన్నర కొబ్బరితోట
కాగితంలో మాది, కంచె మాత్రం వేరేవాళ్లది.
ఖబరస్తాన్ గదిలో ఒక బీరువా, అందులో కఫన్ గుడ్డ తాను.
వెనకటి ముతవల్లీ ఎంత తిన్నాడో
ఆయన ఇంటి రెండో అంతస్తు చెబుతుంది.

మనిషి పోయినా పారుతూనే ఉండే పుణ్యం ఇది
అంటారు ఇమాం సాబ్.
చంపావతి కూడా పారే నదేనండీ,
వేసవిలో వచ్చి చూడండి, అన్నాను లోపల.

ఒక జుమ్మాకి లేచి మొత్తం చదివేశాను.
లోటు ఇంత, మాయం ఇంత, కోర్టులో నలుగుతున్నది ఇంత.
గొంతు వణికింది గానీ అంకెలు వణకలేదు.
ఇక డబ్బా ఖాళీయే అనుకున్నాను.
మరుసటి వారం లెక్కపెడితే
పదకొండు రూపాయలు తగ్గింది.
ఆవేళ వాన కూడా పడింది.

అప్పట్నించీ అడుగుతున్నాను, రసీదు చింపేముందు:
ఎందుకిస్తున్నావు?

పరీక్షల వారం కుర్రాళ్ల చిల్లర పెరుగుతుంది,
దానికి అడగక్కర్లేదు.
టైల్సు కొట్టు అన్వరుల్లాకి గోడ మీద పేరు కావాలి,
పేరు లేందే పైసా రాలదు.
దేవుడికి ఆ సిమెంటూ పనికొస్తుంది కాబోలు.

పంక్చర్లేసే మీరావలి
మసి అంటకుండా అంచు పట్టుకుని పది నోటు ఇస్తాడు.
"మా అయ్య లారీ కింద పడ్డ రాత్రి
గుడ్డ ఇంటికొచ్చీసిందండి.
ఎవులూ ఏటీ అడగనేదు."
లెక్క కట్టి చూపించాను:
పందొమ్మిదేళ్లు, వారం వారం,
గుడ్డ బాకీ ఏనాడో తీరింది, నీకే మిగులు.
ట్యూబు నీళ్లలో ముంచి బుడగ కోసం చూసినట్టు
నన్ను చూశాడు.
"గుడ్డ బాకీ తీరిపోనాది.
అడగనేదు కదండీ, ఆ అడగకపోవడం బాకీ,
అదెలాగ తీరతాది?"

అందరూ వెళ్లాక వస్తుంది ఖమరున్నిసా.
గేటు బయటే నించుని
కొంగు ముడి పళ్లతో విప్పి ఇరవై రూపాయలు.
పేరు రాయొద్దంటుంది.
"కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలవకూడదంట కదా భాయ్‌సాబ్,
నాకా బెంగ నేదు" అని నవ్వుతుంది.
ఆ ఎడమచెయ్యిని మోచేతి దాకా
మా మిల్లు మిషను తీసుకుంది.

ఆవిడని మాత్రం అడగను.
ఆ రోజు షిఫ్టు రిజిస్టర్లో
'పదిన్నరకి పని ఆపింది, సగం రోజు'
అని రాసింది నేను.
రూలు అదే. సిరా కూడా మిల్లుదే.
ఆవిడకి తెలుసో తెలియదో,
ఏడేళ్లుగా గేటుకి అటూ ఇటూ మేమిద్దరం.

కోసిన కూలి నలభై ఒక్క రూపాయి.
ప్రతి వారం బల్ల మడిచేముందు
అంతే తీసి డబ్బాలో వేస్తాను.
రసీదు రాసుకోను.
ఎందుకిస్తున్నావని ఎవరైనా అడుగుతారేమో అని
జవాబు ఒకటి సిద్ధం చేసి పెట్టుకున్నాను,
అది కూడా అబద్ధమే.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

కార్బన్ అరిగిపోయింది,
వచ్చే వారానికి కొత్తది కొనాలి.